కోల్ట్రేన్‌ని ఎక్కడ మొదలుపెట్టాలి? ఆరు నిమిషాల్లో ఆపేశాను

గోదారిగట్టు

మా అమ్మాయి న్యూజెర్సీలో ఉంటుంది. పోయిన ఆదివారం ఫోన్‌లో "నాన్నా, ఇన్నేళ్లు కచేరీలు విన్నావు కదా, ఒక్కసారి జాన్ కోల్ట్రేన్‌ని విను, అమెరికన్ జాజ్ సాక్సోఫోన్ కళాకారుడు, నీకు నచ్చుతాడు" అంది. నేను నలభై ఏళ్లుగా కర్ణాటక సంగీతం వింటున్న మనిషిని. పాడను, వాయించను, వినడమే నా పని. సాక్సోఫోన్ అంటే నాకు తెలిసింది కద్రి గోపాల్‌నాథ్ గారే.

పేరు కొడితే "అసెన్షన్" అని ఒకటి కనిపించింది. ఆరోహణ అన్నమాట, పేరు బాగుంది కదా అని పెట్టాను. ఆరో నిమిషంలో ఆపేశాను. సంతలో అందరూ ఒకేసారి బేరాలాడుతున్నట్టుంది. రాగం లేదు, తాళం నా చెవికి అందలేదు. మా ఆవిడ వంటింట్లోంచి పరుగున వచ్చి "ఎవరికేమైంది?" అని అడిగింది.

ఈయన్ని ప్రపంచమంతా నెత్తిన పెట్టుకుంటుంది కదా, నాకు అందనిదేమిటి? వెటకారం కాదండీ, తెలుసుకుందామనే అడుగుతున్నాను. ఆదివారం అమ్మాయి మళ్లీ ఫోన్ చేస్తుంది. ఊరికే "బాగుంది" అని అబద్ధం చెప్పలేను.

పాతరికార్డులు

అసెన్షన్‌తోనా! ఈత రాని మనిషిని వరద గోదావరిలో దింపేశారు కదండీ.

నిడదవోలు_నాని

"మై ఫేవరెట్ థింగ్స్" వినండి సర్. ఇప్పుడే. మిగతావి తర్వాత మాట్లాడుకుందాం.

కచేరీప్రియ

మీ చెవిలో తప్పేం లేదండీ. అసెన్షన్ 1965 జూన్ 28న రికార్డు చేశారు. 11 మంది, అందులో ఐదుగురు సాక్సోఫోన్లే. రెండు ట్రంపెట్లు, రెండు బేస్‌లు, పియానో, డ్రమ్స్. దాదాపు 40 నిమిషాలు ఆపకుండా. అందరూ కలిసి ఒక గోడలా లేస్తారు, ఆ గోడలోంచి ఒక్కొక్కరు బయటికొచ్చి వాయించి మళ్లీ కలిసిపోతారు. అంత రద్దీలో తాళం దొరక్కపోవడం వింతేం కాదు.

కానీ ఆ పని చేసింది సుస్వరం తెలియని మనిషి కాదు. అంతకు రెండు మూడేళ్ల ముందు ఆయనే నెమ్మదైన ప్రేమగీతాలతో ఒక ఆల్బమ్ మొత్తం చేశారు. "బ్యాలడ్స్" దాని పేరు. అది విని, తర్వాత ఇది వింటే అడగాల్సిన ప్రశ్నే మారిపోతుంది. ఇంత తీయగా వాయించగలిగిన మనిషి అక్కడిదాకా ఎందుకెళ్లాడు అని.

నా వరస: మై ఫేవరెట్ థింగ్స్, నైమా, అలబామా, ఆ తర్వాత ఎ లవ్ సుప్రీమ్ మొత్తం. అసెన్షన్ సంగతి వచ్చే ఏడాది చూద్దాం.

సందేహాలరావు

ఎవరు ఏది నచ్చలేదన్నా "మీరు విన్న వరస తప్పు" అంటారు. నాకిది ఒప్పుకోబుద్ధి కాదు. నేను ఇరవై ఏళ్లుగా జాజ్ వింటున్నాను. కోల్ట్రేన్ 1964 దాకా చేసిందంటే ప్రాణం. ఆ తర్వాతది ఎన్నిసార్లు ప్రయత్నించినా నాకు ఎక్కలేదు. నాకే కాదు, ఆయన పక్కన ఐదేళ్లు వాయించిన మెక్కాయ్ టైనర్ 1965 చివర్లో వెళ్లిపోయాడు. ఆ హోరులో తన పియానో తనకే వినపడడం లేదన్నాడు. కొద్ది వారాల్లో డ్రమ్మర్ ఎల్విన్ జోన్స్ కూడా వెళ్లిపోయాడు. వాళ్ల చెవులు కూడా తప్పేనా?

గోదారిగట్టు గారూ, నచ్చకపోతే నచ్చలేదని అమ్మాయికి ధైర్యంగా చెప్పండి.

పాతరికార్డులు

@సందేహాలరావు, ఈ గొడవ 1965లో మొదలైంది కాదండీ. 1961లోనే డౌన్ బీట్ పత్రికలో ఒక విమర్శకుడు ఆయన సంగీతాన్ని "యాంటీ జాజ్" అన్నాడు. మీరు ప్రాణం అంటున్న కాలం అదే! మరుసటి ఏడాది కోల్ట్రేన్, ఆయనతో వాయించే ఎరిక్ డాల్ఫీ ఇద్దరూ అదే పత్రికలో ఓపిగ్గా జవాబు చెప్పుకున్నారు. అప్పుడు తిట్లు తిన్న రికార్డింగులే ఇవాళ కాలేజీల్లో పాఠాలు.

సందేహాలరావు

ఒకసారి విమర్శకుడు పొరపడ్డాడు కాబట్టి ఇక ప్రతిసారీ పొరపాటే అనలేం కదా.

ఫిల్లీ_శ్రీను

మనిషి గురించి కాస్త చెప్తాను, దాన్నిబట్టి కొంత అర్థమవుతుందేమో.

పుట్టింది 1926 సెప్టెంబర్ 23, నార్త్ కరొలినాలోని హామ్లెట్. పెరిగింది అదే రాష్ట్రంలో హై పాయింట్ అనే ఊళ్లో. తాత చర్చి పాస్టరు. తండ్రి బట్టలు కుట్టేవాడు, ఇంట్లో తనకోసం వయొలిన్ వాయించుకునేవాడు. జాన్‌కి 12 ఏళ్లప్పుడు కొద్ది నెలల తేడాలో తండ్రి, తాత ఇద్దరూ పోయారు. సరిగ్గా ఆ రోజుల్లోనే చేతికి వాద్యం వచ్చింది. 1943లో ఫిలడెల్ఫియా చేరాడు. నేవీలో ఏడాది హవాయిలో ఉన్నాడు. తిరిగొచ్చి డిజీ గిలెస్పీ దగ్గర, జానీ హాడ్జెస్ దగ్గర, 1955లో ట్రంపెట్ కళాకారుడు మైల్స్ డేవిస్ దగ్గర చేరాడు. అప్పటికి వయసు 29. జాజ్‌లో ఆ వయసుకి చాలామంది పేరు తెచ్చేసుకుంటారు. ఈయన అప్పుడే మొదలుపెట్టినట్టు లెక్క.

హెరాయిన్ అలవాటు వల్ల 1957లో మైల్స్ తీసేశాడు. ఆ వసంతంలో నార్త్ 33వ వీధిలో ఉన్న తన ఇంట్లో, తల్లీ భార్యా చూసుకుంటుండగా, ఒక్కసారిగా మానేశాడు.

నేను ఆ ఇంటి ముందు నిలబడ్డాను. వరసగా అతుక్కున్న ఇళ్లలో ఒకటి, ఎదురుగా పెద్ద పార్కు. 1999లో జాతీయ చారిత్రక స్థలమని ప్రకటించారు. నేను వెళ్లినరోజు కిటికీలకు చెక్కలు కొట్టి ఉన్నాయి, మెట్ల దగ్గర పెయింట్ పెచ్చులు లేచిపోతోంది. పావుగంట అక్కడే ఉండిపోయాను. ఆ గోడల వెనకే ఒక మనిషి మళ్లీ పుట్టాడు కదా అనిపించింది.

రాత్రిబండి

అందరూ మత్తు మానేశాడని గొప్పగా చెప్తారు గానీ, అలాంటి సంగీతం ఆ మత్తు అనుభవం లేకుండా వస్తుందంటారా? ఆర్టిస్టులకి అది మామూలే కదా.

పేరు_వద్దు_గుంటూరు

@రాత్రిబండి, మీరు చెడు ఉద్దేశంతో అనలేదని తెలుసు. అయినా దీనికి జవాబు చెప్పకుండా ఉండలేను.

మా తమ్ముడు తబలా వాయించేవాడు. బాగా వాయించేవాడు. "ఇది లేకపోతే చెయ్యి ఆడదక్కా" అనేవాడు. మొదట మందు, తర్వాత మాత్రలు. మేం చేర్పించిన మొదటి సెంటర్‌లో డబ్బు కట్టించుకుని మూడు వారాలు గదిలో పడేశారు, అంతే. రెండోచోట ఒక కౌన్సిలర్ గారు వాడితో గంటలు గంటలు కూర్చున్నారు. మానిన మొదటి రెండు నెలలు వాడి వేళ్లు వణికేవి, తబలా మీద గుడ్డ కప్పి ఉంచేవాళ్లం. ఒకరోజు తనే గుడ్డ తీశాడు. ఇప్పుడు నాలుగేళ్లయింది.

అందుకే తేదీలు చూడమంటాను. కోల్ట్రేన్ మానేసింది 1957లో. పియానో కళాకారుడు థెలోనియస్ మాంక్‌తో ఫైవ్ స్పాట్ క్లబ్బులో నెలల తరబడి వాయించింది ఆ తర్వాతే. "బ్లూ ట్రేన్" అదే ఏడాది సెప్టెంబర్‌లో. జెయింట్ స్టెప్స్, ఎ లవ్ సుప్రీమ్, అన్నీ మానేసిన తర్వాతివే. మత్తులో ఉన్న రోజుల్లో ఆయన స్టేజి మీద కునికిపాట్లు పడేవాడు. పని పోయింది. సంగీతం ఇచ్చింది మత్తు కాదు. మత్తు వదిలాక మిగిలిన పదేళ్లు ఇచ్చాయి.

రాత్రిబండి

నా మాట వెనక్కి తీసుకుంటున్నాను అక్కా. తేదీలు ఇలా పక్కపక్కన పెట్టి ఎప్పుడూ చూడలేదు. తమ్ముడు బాగుండాలి.

కచేరీప్రియ

ఆ పదేళ్ల లెక్క తల్చుకుంటే గుండె ఝల్లుమంటుంది. 1957 నుంచి 1967. ఈ చర్చలో పేరొచ్చిన సంగీతమంతా ఆ పదేళ్లలోదే.

బ్యాండుమేళం_బాబ్జీ

నేను సాక్స్ వాయిస్తాను. పెళ్లి బ్యాండులో, ఆల్టో. మా నాన్నది క్లారినెట్. మా ఊళ్లో జాజ్ ఎవరూ వినరు, నేను ఫోన్‌లో వింటాను.

వాయించేవాడిగా ఒక మాట. సాక్స్‌లో గొంతు రీడులో ఉంటుంది. సన్నటి వెదురు బద్దలాంటి ముక్క. వాయించే ముందు నోట్లో పెట్టుకుని ఉమ్మితో తడపాలి. పొడిగా ఉంటే కీచుమంటుంది, మరీ నానితే మెత్తబడి గాలి మింగేస్తుంది. కింది పెదవిని పళ్ల మీదికి మడిచి రీడుని పట్టాలి. మూడు గంటల ఊరేగింపు అయ్యాక పెదవి లోపల పళ్ల గుర్తులు పడతాయి, మర్నాడు పచ్చడి తగిలితే కళ్లమ్మట నీళ్లే. ఇవన్నీ ఎందుకు చెప్తున్నానంటే, కోల్ట్రేన్ రోజంతా వాయించేవాడట. రాత్రి క్లబ్బులో వాయించి, ఆట మధ్య విరామంలో వెనక గదిలోకెళ్లి మళ్లీ సాధన చేసేవాడట. రాత్రిపూట పక్కవాళ్లకి ఇబ్బందని ఊదకుండా వేళ్లు మాత్రమే ఆడించేవాడని చదివాను. ఆ పెదవి ఏమైపోయి ఉంటుందో నాకు తెలుసు.

జెయింట్ స్టెప్స్ మొదటిసారి టీ తాగుతూ విన్నాను. కప్పు పక్కన పెట్టేశాను. టీ చల్లారిపోయింది.

నిడదవోలు_నాని

బాబ్జీ అన్నా, ఈ చర్చ మొత్తానికి మీ పోస్టే మేలు.

పాతరికార్డులు

బాబ్జీ గారి మాటకి తోడు ఒక ముచ్చట. మైల్స్ బృందంలో కోల్ట్రేన్ మరీ పొడుగ్గా వాయిస్తుంటే మైల్స్ అడిగాడట. మొదలుపెడితే ఎలా ఆపాలో తెలియడం లేదన్నాడట ఈయన. "నోట్లోంచి వాద్యం తీసెయ్" అన్నాడట మైల్స్. అరవై ఏళ్లుగా జాజ్ వాళ్లందరూ చెప్పుకుని నవ్వుకునే కథ ఇది.

రేవతిరాగం

నేను వయొలిన్ నేర్పుతాను, కర్ణాటకం. గోదారిగట్టు గారికి మన భాషలో చెప్పడానికి ప్రయత్నిస్తాను.

1959 వసంతంలో కోల్ట్రేన్ రెండు రికార్డింగుల్లో ఉన్నాడు. ఏప్రిల్ 22న మైల్స్ "కైండ్ ఆఫ్ బ్లూ" పూర్తయింది. అందులో ఒక్కో స్వరవరస మీద తీరిగ్గా కూర్చుంటారు, మన ఆలాపనకి కాస్త దగ్గర. రెండు వారాలు తిరక్కుండా, మే మొదట్లో, తన సొంత "జెయింట్ స్టెప్స్". అది దీనికి పూర్తిగా అవతలి ఒడ్డు.

అందులో మూడు ఆధారాలున్నాయి. సా అనుకోండి, దాని మీద అంతర గాంధారం, దాని పైన శుద్ధ ధైవతం. ఈ మూడింటి మధ్య దూరం సరిసమానం, నాలుగేసి మెట్లు. పాట నడుస్తుండగా ఆ మూడూ వంతులవారీగా షడ్జం అవుతుంటాయి. మనకి గ్రహభేదం తెలుసు, కానీ మనం శ్రుతి వదలం, కొద్దిసేపు చూపించి ఇంటికొచ్చేస్తాం. ఇక్కడ ఇల్లే కదులుతుంది, అదీ సెకనుకి అటూఇటూగా ఒకసారి. మీ శ్రుతిపెట్టెను ఎవరో ఆపకుండా మారుస్తుంటే, ఒక్క అపస్వరం లేకుండా కల్పనస్వరాలు వేస్తున్నట్టు ఊహించుకోండి.

ఆ రోజు పియానో వాయించిన టామీ ఫ్లానగన్ మహా విద్వాంసుడు. తన వంతు వచ్చేసరికి ఆ వేగానికి తడబడతాడు, ముక్కలు ముక్కలుగా వాయించి చివరికి వట్టి కార్డులకి, అంటే రెండుమూడు స్వరాలు కలిపి నొక్కడానికి, దిగిపోతాడు. రికార్డులో అలాగే ఉంది. నాకు ఆ చోటు చాలా ఇష్టం. ఎందుకంటే ఆయన దాన్ని మర్చిపోలేదు. 1982లో, కోల్ట్రేన్ పోయిన 15 ఏళ్లకి, ఆయన జ్ఞాపకార్థం అదే పాటని మళ్లీ రికార్డు చేశాడు. ఈసారి హాయిగా, ధారాళంగా. రెండూ పక్కపక్కన వినండి.

సందేహాలరావు

రేవతిరాగం గారూ, చాలా బాగా చెప్పారు. ఈ కోల్ట్రేన్ కోసమే నేను పోట్లాడతాను.

మృదంగం_మూర్తి

సాక్స్ సంగతి మీరు చూసుకోండి, నేను ఎల్విన్ జోన్స్ గురించి రెండు మాటలు. మై ఫేవరెట్ థింగ్స్ మూడు దెబ్బల నడక, తిశ్రం అనుకోండి. అయితే ఎల్విన్ ఆ మూడుని మూడుగా కొట్టడు. కుడిచేయి ఒక లెక్క, ఎడమచేయి ఒక లెక్క, కాలు ఇంకో లెక్క. దరువు గుండ్రంగా తిరుగుతుంటుంది, సమం ఎక్కడుందో చెప్పడు, కానీ పోగొట్టడు. నేను మొదట చేత్తో తాళం వేస్తూ విన్నాను. నాలుగో నిమిషంలో తప్పాను. పదిసార్లు విన్నాక నిలబడ్డాను.

గోదారిగట్టు

ఇన్ని జవాబులు వస్తాయనుకోలేదు. అందరికీ నమస్కారం.

నాని గారు చెప్పినట్టు మై ఫేవరెట్ థింగ్స్ విన్నాను. దాదాపు 14 నిమిషాలు. ఇది నచ్చిందండీ! ఆ వాద్యం సాక్సేనా? మన సన్నాయి గొంతులా ఉంది, సన్నగా, కాస్త ముక్కుతో. పల్లవి పట్టుకుని వదిలి, మళ్లీ పట్టుకున్నప్పుడల్లా ఒక సంగతి పెరుగుతోంది. ఇది నాకు తెలిసిన పద్ధతే కదా! మా ఆవిడ కూడా కూర్చుంది, బియ్యం ఏరుకుంటూ.

మూర్తి గారూ, నేను రెండో నిమిషంలోనే తాళం తప్పాను.

నిడదవోలు_నాని

అది సొప్రానో సాక్స్ సర్. వంపు లేకుండా సన్నాయిలా నిటారుగా ఉంటుంది. ఆ పాట "సౌండ్ ఆఫ్ మ్యూజిక్" నాటకంలోది. ఈయన 1960 అక్టోబర్‌లో రికార్డు చేసేసరికి ఆ సినిమా ఇంకా రాలేదు.

కచేరీప్రియ

ఇప్పుడు అలబామా వినండి. ఐదు నిమిషాలే. వినే ముందు ఇది తెలుసుకోండి. 1963 సెప్టెంబర్ 15, ఆదివారం పొద్దున, అలబామా రాష్ట్రం బర్మింగ్‌హామ్‌లో 16వ వీధి బాప్టిస్ట్ చర్చిలో తెల్లజాతి దురహంకారులు బాంబు పెట్టారు. నలుగురు ఆడపిల్లలు చనిపోయారు. ముగ్గురికి 14 ఏళ్లు, ఒకరికి 11. రెండు నెలల తర్వాత, నవంబర్ 18న, కోల్ట్రేన్ ఇది వాయించారు.

మొదట్లో పియానో కింద ఒక్కచోటే గుడగుడమంటూ ఉంటుంది, శ్రుతి పట్టినట్టు. దాని మీద సాక్స్ పాడదు, మాట్లాడుతుంది. మా నాన్నగారు పోయిన రోజు మా పెదనాన్న వాకిట్లో కూర్చుని ఎవరితోనూ కాకుండా మాట్లాడుకుంటూ ఉండిపోయాడు. అది వినగానే నాకు ఆయన గొంతు గుర్తొచ్చింది.

బే_ఏరియా_భాను

శాన్‌ఫ్రాన్సిస్కోలో కోల్ట్రేన్ పేరు మీద చర్చి ఉంది, నిజంగానే. సెయింట్ జాన్ కోల్ట్రేన్ చర్చి. వాళ్లు ఫిల్మోర్ ప్రాంతంలో ఉన్నప్పుడు ఒక ఆదివారం వెళ్లాను. గోడ మీద నిలువెత్తు పటంలో కోల్ట్రేన్, చేతిలో సాక్స్, దాని నోట్లో మంటలు. ప్రార్థనంతా ఎ లవ్ సుప్రీమ్ మీదే నడిచింది. వచ్చినవాళ్లలో కొందరు సొంత వాద్యాలు తెచ్చుకుని కలిసి వాయించారు. పక్కనున్న ముసలావిడ నా చేతిలో టాంబొరిన్ పెట్టింది. మన భజన గుర్తొచ్చి కళ్లు చెమర్చాయి.

మనవాళ్లకి చాలామందికి తెలియని సంగతి ఇంకోటి. ఆయన రెండో భార్య ఆలిస్ కోల్ట్రేన్ స్వయంగా గొప్ప పియానో, హార్ప్ కళాకారిణి. భర్త పోయాక భారతీయ ఆధ్యాత్మిక మార్గం పట్టారు. తురీయసంగీతానంద అని పేరు మార్చుకున్నారు. మన పుట్టపర్తి సత్యసాయిబాబా భక్తురాలు ఆవిడ. కాలిఫోర్నియాలో ఆవిడ పెట్టిన ఆశ్రమం పేరు సాయి అనంతం. అక్కడ సంస్కృత భజనలని నల్లజాతి చర్చి పాటల బాణీలో, సింథసైజర్‌తో పాడేవాళ్లు. 2018 కార్చిచ్చులో ఆశ్రమం కాలిపోయింది. ఆ భజనల రికార్డింగులు మాత్రం ఉన్నాయి, తప్పకుండా వినండి.

విశ్వగురు_2020

మొత్తానికి ఆయన సంగీతమంతా మన దగ్గర్నుంచి తీసుకున్నదే అన్నమాట. "ఇండియా" అనే పాటే ఉంది, కొడుకుకి రవిశంకర్ పేరు పెట్టుకున్నాడు. "ఓం" ఆల్బమ్‌లో భగవద్గీత చదివారు.

రేవతిరాగం

@విశ్వగురు_2020, అలా అంటే ఆయనకీ అన్యాయం, మనకీ అన్యాయం అండీ.

ఆయన మూలం బ్లూస్, నల్లజాతి చర్చి. తాత ప్రసంగాలు వింటూ పెరిగినవాడు. ఆ పునాది మీద నిలబడి చుట్టూ చూశాడు. మన సంగీతం, ఆఫ్రికా దరువులు, స్పెయిన్ పాటలు, ఐరోపా వాళ్లు వయొలిన్‌కీ హార్ప్‌కీ రాసుకున్న పాఠాలు, అన్నీ సాధన చేశాడు. అన్ని మతాలనీ నమ్ముతానని తనే చెప్పుకున్నాడు.

"ఇండియా" 1961 నవంబర్‌లో న్యూయార్క్ విలేజ్ వాన్‌గార్డ్ క్లబ్బులో వాయించింది. ఇద్దరు బేస్ వాద్యకారులు శ్రుతిలా కింద పట్టుకుంటే పైన ఈయన, బాస్ క్లారినెట్ మీద డాల్ఫీ. అందులో మన రాగం వెతక్కండి, దొరకదు. శ్రుతి మీద నిలబడి ఎంతసేపైనా వెతకవచ్చనే ధైర్యాన్ని తీసుకున్నాడు.

రవిశంకర్ గారి దగ్గర కూర్చుని మన పద్ధతి గురించి అడిగి తెలుసుకున్నాడు, ఇంకా నేర్చుకోవాలనుకున్నాడు. ఆ సమయం రాలేదు. ఆయన సంగీతం విని రవిశంకర్ గారికి కలిగింది ఆశ్చర్యం, కొంత కలవరం కూడా. ఇంత భక్తి ఉన్న మనిషి వాయిద్యంలో ఇంత అలజడి ఎందుకుందని. గోదారిగట్టు గారి ప్రశ్న కూడా అదే, గమనించారా?

సందేహాలరావు

ఓం ఆల్బమ్ గురించి నిజం చెప్పాలి. 1965 అక్టోబర్‌లో చేశారు, ఆయన పోయాక 1968లో విడుదల చేశారు. అభిమానుల్లో కూడా ఎక్కువమంది దాన్ని పక్కన పెడతారు. గీత ఉంది కదా అని గొప్పదైపోదు.

రేవతిరాగం

అందులో చదివేది తొమ్మిదో అధ్యాయంలోని మాటలు, ఇంగ్లీషులో. "అహం క్రతురహం యజ్ఞః స్వధాహమహమౌషధమ్, మంత్రోఽహమహమేవాజ్యమహమగ్నిరహం హుతమ్". నెయ్యీ నేనే, నిప్పూ నేనే, అందులో వేసే ఆహుతీ నేనే. నాకా ఆల్బమ్ మొత్తం నచ్చదు, మీతో సగం ఒప్పుకుంటాను. అయితే ఆ ఏడాది ఆయన ఏం చేస్తున్నాడో ఈ శ్లోకం చెప్తుందనిపిస్తుంది నాకు. వాయించడం కాదు, తనని తాను వేసేస్తున్నాడు.

సందేహాలరావు

ఇది ఆలోచించాల్సిన మాట. వేసేసుకున్నా వినేవాడికి చేరాలి కదా అన్నదే నా బాధ. ఈ వారం అసెన్షన్ ఇంకోసారి వింటాను, మీ మాట మీద.

గోదారిగట్టు

అలబామా విన్నాను. దాని గురించి ఏమీ రాయలేను. నాకు ఇద్దరు ఆడపిల్లలు.

ఫిల్లీ_శ్రీను

ఆదివారం లోపల ఎ లవ్ సుప్రీమ్ వినండి సర్. 1964 డిసెంబర్ 9న, ఒక్క రాత్రిలో రికార్డయింది. మీ అమ్మాయి ఉండే న్యూజెర్సీలోనే, ఎంగిల్‌వుడ్ క్లిఫ్స్‌లో వాన్ గెల్డర్ స్టూడియో. నాలుగు భాగాలు, 33 నిమిషాలు. 1957లో దేవుడి దయవల్ల మేలుకున్నానని, దానికి కృతజ్ఞతగా ఇది ఇస్తున్నానని కవర్ లోపల ఆయనే రాశాడు.

నాలుగో భాగం "సామ్" (బైబిల్ కీర్తన అని అర్థం) పెట్టేముందు ఒక పని చేయండి. ఆ కవర్ మీదే ఆయన రాసిన ప్రార్థన ఉంటుంది, అది చేతిలో పట్టుకోండి. ఆ భాగంలో సాక్స్ వాయించేది ఆ ప్రార్థననే, మాటకి మాట, అక్షరానికి అక్షరం. నోటితో ఒక్క మాట లేదు, కానీ మొత్తం చదువుతున్నాడు.

బ్యాండుమేళం_బాబ్జీ

మన కద్రి గారు త్యాగరాజస్వామి కీర్తన వాయిస్తే మనకి సాహిత్యం వినపడుతుంది కదా, అలాగా?

ఫిల్లీ_శ్రీను

సరిగ్గా అదే బాబ్జీ గారూ. తేడా ఏంటంటే ఆ కీర్తన మనకి ముందే తెలుసు. ఇక్కడ ఆ కాగితం చూసినవాళ్లకే తెలుస్తుంది.

గోదారిగట్టు

శనివారం జిరాక్స్ కొట్లో ఆ ప్రార్థన ప్రింటు తీయించాను. రాత్రి పదింటికి, మా ఆవిడ పడుకున్నాక, వసారాలో కూర్చున్నాను. కాగితం ఒళ్లో, చేతిలో పెన్సిలు. మొదటి మూడు భాగాలు కళ్లు మూసుకుని విన్నాను. మొదటిదాంట్లో బేస్ మీద నాలుగు స్వరాల ముక్క వస్తుంది, తర్వాత సాక్స్ దాన్నే రకరకాల శ్రుతుల్లోకి తిప్పి తిప్పి వాయిస్తుంది, ఆఖరికి గొంతులతో అదే జపంలా అంటారు. నామజపమే కదా ఇది.

నాలుగో భాగం మొదలయ్యాక మొదటి రెండు లైన్లు నాకు దొరకలేదు. మూడోసారి వెనక్కి తిప్పాక "థాంక్యూ గాడ్" దగ్గర పట్టుకున్నాను. ఆ మాట వచ్చినప్పుడల్లా స్వరం మెట్టు దిగి ఒకేచోట వాలుతుంది. ఇక అక్కణ్ణుంచి పెన్సిలు ఆగలేదు. ఒక్కో మాట కింద గీత గీసుకుంటూ వెళ్లాను. చివరి లైను దగ్గరికి వచ్చేసరికి కాగితం నాకు కనిపించడం లేదు.

ఈ మనిషి ఇది వాయించాక బతికింది మూడేళ్లు కూడా లేదట కదా.

కచేరీప్రియ

అవునండీ. 1967 జూలై 17, కాలేయ క్యాన్సర్. 40 ఏళ్లు. రవికి రెండేళ్లు కూడా నిండలేదు. ఇప్పుడాయనా సాక్సోఫోన్ కళాకారుడే, ఎప్పుడైనా వినండి. తండ్రిని అనుకరించడు, అందుకే ఇష్టం నాకు.

పాతరికార్డులు

ఇంకా కొత్తవి వస్తూనే ఉన్నాయి. 1963లో ఒకరోజు చేసిన రికార్డింగు మొదటి భార్య నైమా కుటుంబం దగ్గర దొరికితే 2018లో విడుదల చేశారు. ఎ లవ్ సుప్రీమ్ 1965 అక్టోబర్‌లో సియాటెల్‌లో వాయించింది 2021లో వచ్చింది. పులిట్జర్ వాళ్లు 2007లో ప్రత్యేక గౌరవం ఇచ్చారు, పోయిన 40 ఏళ్లకి.

సందేహాలరావు

మాటిచ్చాను కాబట్టి అసెన్షన్ మొత్తం విన్నాను. ఇప్పటికీ నచ్చలేదు. కానీ ఈసారి మధ్యలో, అందరూ తగ్గి టైనర్ ఒక్కడే వాయించేచోట, నిటారుగా కూర్చున్నాను. అంతవరకు ఒప్పుకుంటాను.

రేవతిరాగం

అంతకన్నా ఎవరూ అడగలేదు రావు గారూ.

గోదారిగట్టు

అమ్మాయి ఫోన్ చేసింది. అసెన్షన్ సంగతి చెప్తే పడీపడీ నవ్వింది. తను వినమన్నది అది కాదట, "నైమా" అట. రాత్రి డ్యూటీ నుంచి ఇంటికొచ్చేటప్పుడు కార్లో అదే పెట్టుకుంటుందట. ఫోన్ స్పీకర్లో పెట్టింది, అటు తను, ఇటు మేమిద్దరం, నాలుగు నిమిషాలు ఎవరం మాట్లాడలేదు.

బాబ్జీ గారూ, ఇది మీరు వాయిస్తే వినాలని ఉంది.

బ్యాండుమేళం_బాబ్జీ

నాకు నొటేషన్ చదవడం అంతగా రాదు సర్, విని పట్టుకుంటాను. అందులో కింద బేస్ ఒకటే స్వరం పట్టుకుని ఉంటుంది, అదేంటో ఎవరైనా చెప్తే చాలు.

రేవతిరాగం

ఇ ఫ్లాట్ అండీ. అంటే మీ ఆల్టో మీద సి. మధ్య భాగంలో మారుతుంది, అప్పుడు మీకు జి. తర్వాత మళ్లీ సి. వేగం వద్దు, ఒక్కో స్వరం మీద మీ ఊపిరి ఎంత ఉంటే అంత నిలబడండి.

బ్యాండుమేళం_బాబ్జీ

సరే మేడమ్. రేపు పెళ్లి లేదు. పొద్దున్నే కూర్చుంటాను, కొత్త రీడు ఉంది.